కార్యదర్శి యను పదమునకు అర్థము
(వార్షిక మహాసభలో సన్మాన సందర్భమున చేసిన ఉపన్యాసము)



రాజమహేంద్రవరమందలి మా ప్రభుత్వ కళాశాల పూర్వవిద్యార్థుల సంఘమునకు ఇరువదిరెండేండ్లుగా కార్యదర్శియై, చిల్లిగవ్వయైన ప్రతిఫలము గొనక పాటుపడుచున్న మన కులసోదరుని గౌరవించుటకు నేడిచ్చట చేరితిమి. ఆ కళాశాలలో వారు మాకు రెండేండ్లు చిన్నవారగుటచే ఈ నాలుగు మాటలు పలుకు భాగ్యము మాకు లభించినది.

కార్యమును దర్శించువాడు కార్యదర్శి. ముప్పదియైదేండ్లు బాలురచే సమాసములకు విగ్రహవాక్యములు చెప్పించితిమి గాని, ఈ సమాసమునకు నిజమైన యర్థము వీరిని జూచిన పిదపనే మాకు బోధపడినది. విరాళమిచ్చినవారి పేరు శిలాఫలకముపై నెక్కును. రసీదు వ్రాసి, చిరునామా తప్పి తిరిగివచ్చిన యుత్తరమును మరల సరియైన చోటికి బంపువాని పేరెచ్చటను కనబడదు. సభ ముగిసి అందరును ఇండ్లకు బోయిన పిమ్మట, అద్దె కుర్చీలను లెక్కించి యప్పగించువారు వీరే. ఏటేట జమాఖర్చులను పైసలతో గూడ సభలో చదివి వినిపించుట వీరి నియమము.

ఆ కళాశాల సామాన్యమైనది కాదు. 1853లో పాఠశాలగా పుట్టి, 1873లో కళాశాలయైనది. కందుకూరి వీరేశలింగము పంతులుగారచ్చట తెలుగు పండితులు. సర్వేపల్లి రాధాకృష్ణగారచ్చట తత్త్వశాస్త్రము బోధించిరి. ప్రధానాచార్యులైన ఆస్వాల్డు కూల్డ్రే దొరగారు దామెర్ల రామారావను విద్యార్థి చిత్రకళానైపుణ్యమును గుర్తించి, బొంబాయి చిత్రకళాశాలకు బోవుటకు తోడ్పడిరి. ముప్పదియేండ్లయినను నిండకయే 1925లో రామారావుగారు గతించినను, వారి చిత్రములు నేటికిని ఆ నగరమున నున్నవి. దొరగారికి ఆ బాలుడు దేశస్థుడు గాడు, బంధువు గాడు, శిష్యుడు మాత్రమే.

ఇచ్చట మా దోషమొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట మన కులపు బాలుడొకడు ఫీజు కట్టలేక మా యొద్దకు వచ్చెను. వానిని వెంటబెట్టుకొని వీరి యింటికేగి, “తమ్ముడా! వీడు మనవాడు. ఈ యేటి విద్యార్థివేతనము వీనికే యిప్పింపవలెను” అంటిమి. “అన్నగారూ! దరఖాస్తులు తొమ్మిది వచ్చినవి. ఇంతకన్న ఇబ్బందిలో నున్నవారిరువురు గలరు. ఆ సొమ్ము నాది కాదు” అని వీరు బదులు పలికిరి. మేము కోపించి లేచి వచ్చితిమి. మూడు నెలలు మాటలాడమైతిమి. ఆ మరునాడే వీరు తమ జీతములోనుండి ఆ బాలుని ఫీజు కట్టిరనియు, ఆ సంగతి మాకు జెప్పవలదని వానిచే మాట తీసికొనిరనియు ఏడాది తరువాత ఆ బాలుడే చెప్పగా వింటిమి. నాడు కలిగిన సిగ్గు నేటికిని పోలేదు.

కులసంఘము కులమువారి మేలు గోరుట తప్పు గాదు. అయితే పదిమంది సొమ్మును మనవాడను ప్రీతితో కులమువైపు మొగ్గించు చేయి, రేపు మన సంఘపు సొమ్మును అన్నకొడుకువైపు మొగ్గింపకుండునా? సభ్యులు యోచింపవలెను.

శాలువ వలదని వీరు మిక్కిలి బ్రతిమాలిరి, మేము వినలేదు. వీరికి నిజముగా సంతోషము గూర్పదలచినచో, మన విద్యానిధి జమాఖర్చులను కూడ వచ్చు మహాసభలో పైసలతో సహా చదివి వినిపింపవలెనని నేడే తీర్మానింపుడు. ఆయురారోగ్యములతో వీరు చిరకాలము వర్ధిల్లుదురు గాక!

స్వస్తి.