మౌలానా అన్వారుల్లా ఫారూఖీ – మన బాధ్యత
(మెదక్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

హైదరాబాదులోని జామియా నిజామియా పేరు వినని ముస్లిం కుటుంబం మెదక్‌లో ఉండదు. ఫత్వా కావలసివస్తే మనకు తోచేది ఆ పేరే. దాని స్థాపకులు మౌలానా అన్వారుల్లా ఫారూఖీ రహ్మతుల్లాహి అలైహి ఎవరో మాత్రం మన పిల్లలు చెప్పలేరు.

నాందేడ్ ప్రాంతంలో జన్మించిన ఆయన యౌవనంలో నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖలో దస్త్రాల సారాంశం రాసే కొలువు చేశారు. వడ్డీ వ్యవహారానికి సంబంధించిన దస్త్రమొకటి ఆయన ముందుకు వచ్చింది. వడ్డీని రాసిపెట్టడం కూడా నిషిద్ధమే గనుక కొలువుకు రాజీనామా ఇచ్చారు. దస్త్రాల మధ్య ముసలివారమైన మావంటి గుమాస్తాలకు ఆ రాజీనామా బరువు తెలుసు. నెల జీతం తప్ప మరో ఆధారం లేని ఇంట్లో అది చిన్న మాట కాదు.

1876లో జామియా నిజామియాను స్థాపించారు. ఆరవ, ఏడవ నిజాములకు గురువయ్యారు. అయితే మేము అన్నిటికంటె గొప్పదిగా ఎంచే పని వేరొకటి. మదీనాలో నివసించిన కాలంలో ఆయన అరుదైన రాతప్రతులకు నకళ్లు రాయించి హైదరాబాదుకు తెచ్చారు. హదీసుల మహాసంకలనం ‘కన్జుల్ ఉమ్మాల్’ వాటిలో ఒకటి. ఇమాదుల్ ముల్క్, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్‌లతో కలిసి 1888లో దాయిరతుల్ మఆరిఫ్‌ను నెలకొల్పి, అటువంటి గ్రంథాలు అచ్చయ్యే మార్గం వేశారు. ఒక్క అల్మారాలో చెదలు తినవలసిన ప్రతి దేశదేశాల పండితుల చేతికి చేరింది. ఇదీ ఆయన చేసిన మేలు.

ఆయన తత్త్వచింతన ‘కితాబుల్ అక్ల్’లో ఉంది. బుద్ధిని ఆయన తూలనాడలేదు. అది ఎంతవరకు నడవగలదు, ఎక్కడ ఆగవలెనని విచారించారు. కాలేజీలో చదివే మన పిల్లలు ఇంట్లో అడగడానికి జంకే ప్రశ్న కూడా అదే. 1918లో ఆయన పరమపదించారు. సమాధి జామియా ఆవరణలోనే ఉంది.

ఆ గ్రంథం ఉర్దూ. మన పిల్లలు చదివేది తెలుగు. తెలంగాణలో ఉర్దూ రెండవ అధికార భాష. ఆ హక్కు కార్యాలయాలలో, బడులలో అమలు కావలెనని అర్జీలు పెడుతూనే ఉందాము. కాని అర్జీ ఫలించేదాకా పిల్లవాడి వయసు ఆగదు కదా! ఆయన రాతప్రతిని అచ్చుకు తెచ్చినట్లు, మనము ఉర్దూను తెలుగులోకి తేవలెను.

వచ్చే ఆదివారం మగ్రిబ్ నమాజు తరువాత కూర్చుందాము. ఉర్దూ చదవగల పెద్దలు తెలుగు రాయగల పిల్లలను వెంటబెట్టుకొని రండి. మొదటి రోజుకు నాలుగు పుటలు చాలు. కాగితాలు, కలాలు మేము తెస్తాము.