ఫ్లోరైడు నీరు: ఒక విద్యార్థి పరిశోధన
(మహాసభ రెండవ దినమునఁ జదువఁబడిన యుపన్యాసము)



మన సంఘము దయసేయు విద్యార్థివేతనముతోఁ జదువుకొనుచున్నవాఁడను గావున, ఆ సొమ్ముతో నేమి చేసితినో లెక్క యొప్పగించుట నా విధి.

గతవత్సరము, దీనజనోపయోగమగు సాంకేతికవిద్యను గూర్చి జరిగిన యొక విద్వత్సభలో నేనొక వ్యాసము చదివితిని. విషయము త్రాగునీటిలోని ఫ్లోరైడు. మాది నల్లగొండ జిల్లా మఱ్ఱిగూడ ప్రాంతము. మా నాయనమ్మ నడుము వంగినది వయసుచేతఁ గాదు, బావినీటిచేత. ఈ వ్యాధిని మనదేశమున 1937లో నెల్లూరు జిల్లాయందు వైద్యులు గుర్తించి ప్రకటించిరి. రాతిపొరలలోని ఫ్లోరైడు నీటఁ గరఁగి దేహముఁ జేరి, పిల్లల పండ్లపై మచ్చలు దేల్చును. ఏండ్లు గడచినకొలఁది యెముకలను బిగియించును. లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేఱు నీరు దొరకనిచోట 1.5 వఱకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. కాఁచినఁ బోవునని కొందఱు భ్రమపడుదురు. కాఁచినచో నీరు తఱుగును గాని ఫ్లోరైడు తఱుగదు!

మా జిల్లా పేరనే ప్రసిద్ధమైన నల్లగొండ పద్ధతిని 1970ల దశకమున నాగపూరులోని నీరీ పరిశోధనసంస్థవారు రూపొందించిరి. సున్నము, బ్లీచింగు పొడి, పటిక నీటఁ గలిపి, మెల్లఁగాఁ గొంతసేపు త్రిప్పి, ఒక గంట కదలింపక యుంచినచో, పటికనుండి పుట్టిన మడ్డి ఫ్లోరైడును పట్టుకొని యడుగునకు దిగును. మడ్డికిఁ బైన నమర్చిన కుళాయినుండి తేటనీరు పట్టుకొనవచ్చును. ఎంత పటిక వలయుననునది యా నీటిలోని ఫ్లోరైడును, క్షారగుణమును బట్టి యుండును. నా వ్యాసము మా బావులకుఁ దగిన యీ మోతాదును గూర్చినదే. పట్టికలు చక్కఁగాఁ గుదిరినవి. సభ్యులు కరతాళధ్వనులును జేసిరి.

అంతట వయోవృద్ధురాలగు నొక ఆచార్యురాలు లేచి, "నాయనా, నీవు పంచిన బకెట్లలో నేఁడెన్ని పనిచేయుచున్నవి?" అని యడిగెను. నాకుత్తరము తోఁచలేదు. ఆ బకెట్లు మన నిధి సొమ్ముతోఁ గొన్నవి.

ఊరికేఁగి చూచితిని. మా నాయనమ్మ బకెట్టులో కందిపప్పుండెను. ఆమె మాటలనే చెప్పుచున్నాను: "చెయ్యి మలగనిదాన్ని, రోజూ యెట్ల తిప్పుదు బిడ్డా?" పొరుగిండ్లలోను నింతే. ఎవరికై యీ సాధనమో వారి మోచేతులే దానిని త్రిప్పఁజాలవు. ఇది నా పట్టికలలో నెచ్చటను లేదు.

ఇప్పుడు మిషన్ భగీరథ గొట్టములలో కృష్ణానది నీరు మా యూరికి వచ్చుచున్నది. అది నా బకెట్టుకంటె నెంతయో మేలని యొప్పుకొనుటకు సిగ్గుపడను. కాని గొట్టపునీరు రానినాఁడు జనులు మరల బోరునే యాశ్రయింతురు. కావున మోతాదుల పని యాపి, కూర్చుండి సులువుగాఁ ద్రిప్పఁదగు పిడిగల మూఁత నొకదానిని జేయుచున్నాను. రెండు విఱిగినవి. మూఁడవదానిని మా నాయనమ్మ త్రిప్పి చూచి, ఇంకను బరువే యనెను.

పోషకులను నేను ధనము యాచింపను. మన వసతిగృహములోని పిల్లలు త్రాగు బోరునీటిని పరీక్షింప ననుమతి మాత్రము వేఁడుచున్నాను. అందే మూఁడేండ్లు వసించియు నేనా పని చేయనైతిని. సీసా వెంటఁ దెచ్చితిని. కార్యదర్శిగారు తాళపుచెవి యిప్పించినచో, భోజనములకు ముందే నీరు పట్టుకొందును.