నాదస్వరము నేర్చిన శాక్సాఫోన్ వాదకుడు
(మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘముల కూడికలో ఒక పాదిరి గారు చేసిన ప్రసంగ పాఠము)



మన పెండ్లి ఊరేగింపులలో బ్యాండువారి చేత వంకర గొట్టమువంటి ఇత్తడి వాద్యమొకటి చూచియుందురు. అదే శాక్సాఫోన్. బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ శాక్స్ 1846లో దానికి పేటెంటు పొందాడు. దానిపై కర్ణాటక సంగీతము పలికించిన కద్రి గోపాల్‌నాథ్ గారు మీలో చాలామందికి తెలుసు. నేను చెప్పబోయేది ఎదురు దారిన వచ్చిన మనిషిని గురించి. ఆయన చార్లీ మరియానో.

ఆయన 1923లో అమెరికాలోని బోస్టన్‌లో, ఇటలీ నుండి వలస వచ్చిన కుటుంబములో పుట్టారు. 1963లో వచ్చిన 'ద బ్లాక్ సెయింట్ అండ్ ద సిన్నర్ లేడీ' అను జాజ్ రికార్డులో గుండె పిండే ఆల్టో శాక్సాఫోన్ ఆయనదే. పేరు మాత్రము చార్లెస్ మింగస్‌కు వచ్చింది. సంగీతము కట్టినది మింగస్ గనుక అది న్యాయమే. అయినా ఆ ఊపిరి ఎవరిదని ఎందరు అడిగారు?

1960లలో రేడియో వాద్యబృందమునకు నేర్పుటకు మలేషియా వెళ్లి, అక్కడ నాదస్వరము విన్నారు. నేర్ప వెళ్లినవాడు నేర్చుకొనుటకు బయలుదేరాడు! 1970లలో దక్షిణ భారతమునకు వచ్చి శిష్యునిగా కూర్చున్నారు. శాక్సాఫోన్‌కు ఒకటే రెల్లు రేకు, వేళ్లక్రింద మీటలు. నాదస్వరమునకు జంట రేకు, ఏడు రంధ్రములు, మీటలు లేవు. గమకమంతా పెదవి, ఊపిరి, సగము మూసిన వ్రేలు. చేయి తిరిగిన విద్వాంసుడు యాబదియేండ్ల ప్రాయమున మరల అపస్వరములు పలుకుటకు ఒప్పుకొనవలెను. నలుబది దాటిన నాకు క్రొత్త కీర్తన రాగము పట్టుబడుటకే నెల పడుతుంది.

తరువాత బెంగుళూరులోని కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్‌తో కలిసి వాయించారు. టి.ఎ.ఎస్. మణి గారి మృదంగము, ఆర్.ఎ. రమామణి గారి గాత్రముతో 1983లో 'జ్యోతి' రికార్డు వచ్చింది. కుప్పంలో రైలెక్కితే పూటలో చేరే ఊరు! మనమెవరమూ వినలేదు. ఆయన 2009లో జర్మనీలోని కొలోన్‌లో మరణించారు.

పుంగనూరు ప్రక్క పల్లెలో, సంఘములో చేరినప్పుడు తన నాదస్వరమును అటకెక్కించిన పెద్దాయన ఒకరుండేవారు. "గుడి వాద్యం గదా అయ్యగారూ, ఈడ ఎవురు వింటారు?" అన్నారు. నేను బదులు పలుకలేదు. పలుకవలసినది. ఇప్పుడాయన లేరు. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మనుమడు ఆ వాద్యమును దించి తెస్తానన్నాడు. వినుటకు ఆగండి.