ఆవుకు పెట్టే ముద్ద



ఇంట్లో అన్నం మిగిలిపోతే పారబొయ్యడానికి మనకు చేతులు రావు. అన్నం పరబ్రహ్మస్వరూపమని వింటూ పెరిగినవాళ్ళం కదా! "పోనీ, ఆవుకు పెడితే పుణ్యమైనా వస్తుంది" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ పుణ్యం ఎంత పని చేసిందో మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూను.

మా తమ్ముడి గృహప్రవేశానికి, మాకు పాలు పోసే ఆయన తన ఆవునూ దూడనూ తోలుకొచ్చాడు. పసుపు కుంకుమలు పెట్టి, అరటిపండు తినిపించి, అందరికన్నా ముందు దాన్నే గడప దాటించాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గుండిగెడు అన్నం మిగిలింది. పాలాయన ఇంకా విస్తరి ముందు ఉన్నాడు. ఆవు పెరట్లో కట్టేసి ఉంది. "దానికి పెట్టండర్రా" అన్నదాన్ని నేనే. పిల్లలు తొట్టినిండా పోశారు. అది ఆవురావురుమని తినేసింది.

మర్నాడు పాలు రాలేదు. ఆవు మేత ముట్టడంలేదనీ, నెమరు వెయ్యడంలేదనీ, ఎడమ డొక్క ఉబ్బి కాళ్ళతో పొట్ట తన్నుకుంటోందనీ కబురొచ్చింది. నా గుండె ఝల్లుమంది. పశువుల డాక్టరుగారు వచ్చి సెలైను ఎక్కించి, మందు పట్టించి, రెండు రోజులు కనిపెట్టుకుని ఉంటేగాని అది కోలుకోలేదు. ప్రాణం దక్కిందిగాని, ఆ ఈతంతా పాలు సగానికి పడిపోయాయి. ఆ పాలమీదే ఆయన సంసారం. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండునే అనిపించింది.

"మెత్తటి అన్నం విషమెలా అయిందండీ?" అని డాక్టరుగారిని అడిగాను. ఆయన మన వంటింటి భాషలోనే చెప్పారు.

ఆవు పొట్టలో నాలుగు అరలున్నాయి. మొదటిది అన్నిటికన్నా పెద్దది, నూరు లీటర్లకు పైగా పడుతుంది. అదొక పులిసే కుండ అనుకోండి. గడ్డిని అరిగించేది నిజానికి ఆవు కాదు, ఆ కుండలో కాపురముండే కోటానుకోట్ల సూక్ష్మజీవులు. అవి గడ్డిని నిదానంగా పులియబెడితే వచ్చే సారమే ఆవుకు బలం. మన పాలమీద మీగడ కట్టేదీ చాలావరకు ఆ గడ్డి చలవే. అన్నం ఒక్కసారిగా వచ్చి పడిందా, ఎండాకాలం దోసెలపిండి పొంగినట్టు గబగబా పులిసిపోతుంది. పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లమే కుండనిండా చేరుతుంది. ఆ పులుపుకు గడ్డిని అరిగించే జీవులు చచ్చిపోతాయి. పులుపు నెత్తురుకెక్కితే ఆవు ప్రాణానికే ముప్పు.

మరి మామూలు రోజుల్లో ఈ పులుపును విరిచేదేమిటి? దాని లాలాజలమే! ఆవు రోజుకు ఆరేడు గంటలు నెమరు వేస్తుంది. నోట్లో ఊరే లాలాజలం రోజుకు నూరు లీటర్లు దాటుతుంది. అందులో మన వంటసోడా గుణమే ఉంది. గడ్డి నమిలితేనే అది బాగా ఊరుతుంది. మెత్తటి అన్నానికి నమలడమేముంది?

అందుకే దాణా బాగా పెట్టి ఎక్కువ పాలు పిండే డైరీల్లో లెక్క ప్రకారం సోడా, ఈస్టు కలుపుతారు. యూరోపు దేశాల్లో పశువులు త్వరగా పెరగాలని దాణాలో యాంటీబయాటిక్ మందులు కలపడం 2006 నుంచి పూర్తిగా నిషేధించారు. వాటికి బదులుగా వెల్లుల్లి, దాల్చినచెక్క వంటి దినుసుల నూనెలమీద పరిశోధనలు సాగుతున్నాయి. మన బెంగుళూరులోని జాతీయ పశుపోషణ సంస్థవారు వగరుగల మొక్కల పదార్థాలతో 'హరిత్ ధార' అనే మిశ్రమం తయారుచేశారు. ఆవు త్రేన్పులతో బయటికిపోయే మీథేన్ వాయువు దానివల్ల తగ్గుతుంది. వాము, శొంఠి నూరి పట్టించడం మన పల్లెల్లో పెద్దవాళ్ళు ఎరిగినదే. అయితే అమ్మా, ఇవన్నీ తాలింపు వంటివి. తాలింపు పెట్టినంతమాత్రాన మాడిన పప్పు బాగుపడుతుందా? తగినంత గడ్డి లేనిచోట ఏ పొడీ కాపాడలేదు.

కనుక నా మనవి ఏమిటంటే, గుళ్ళో ప్రసాదమైనా, పెళ్ళివారి అన్నమైనా ఆవు ముందు గుమ్మరించకండి. వీధిలో పదిళ్ళవాళ్ళు తలా ఒక గిన్నెడు పెట్టినా అది గుండిగెడే అవుతుంది. కూరగాయల తొక్కులు కుళ్ళనివి కొద్దికొద్దిగా పెట్టవచ్చు. ఉల్లిపాయలు ఎక్కువగా పెడితే ఆవుకు రక్తం తగ్గిపోతుంది, పాలకు ఆ వాసనా పడుతుంది. ఏదీ ప్లాస్టిక్ సంచిలో కట్టి పడెయ్యకండి, సంచితో సహా మింగేస్తుంది. నెమరు ఆగి డొక్క ఉబ్బిందంటే, ఇంటివైద్యంతో పొద్దు పుచ్చకుండా డాక్టరుకు కబురు చెయ్యాలి. మనకు తోచిన మందు గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది.

ఆ తరవాత వచ్చిన కనుమకు మా ఇంటినుంచి ఆ ఆవుకు ఒక మోపు గడ్డి పంపించాను. సాయంత్రం వెళ్ళి చూస్తే, కళ్ళు అరమూసుకుని తీరిగ్గా నెమరు వేస్తోంది. పుణ్యమంటే ఇదేనేమో అనిపించింది.