చక్రం నేలను తాకే చోట



ఈ పూట నాకిచ్చిన అంశం చిన్నది. విమాన నమూనాలకు వేసే రెసిన్ చక్రాలను పోత దిమ్మ నుంచి కోసి, శుభ్రం చేసుకోవడం. కొలతలో కూడా చిన్నదే. పి-51 మస్టాంగ్ అసలు టైరు 27 అంగుళాలు. 1/48 స్కేలులో అది 14 మిల్లీమీటర్ల పైచిలుకు. మన చేతిలో అర మిల్లీమీటరు ఎక్కువ అరిగిందంటే అసలు విమానానికి దాదాపు అంగుళం టైరు పోయినట్టు లెక్క.

కిట్టులో ప్లాస్టిక్ చక్రాలు ఉండగా రెసిన్ చక్రాలకు మళ్లీ డబ్బెందుకని అడుగుతారు. ప్లాస్టిక్ చక్రం చాలాసార్లు రెండు సగాలుగా వస్తుంది. అతుకు సరిగ్గా టైరు గాడుల మీదుగా పోతుంది. అతుకు కనబడకుండా రుద్దితే గాడులూ పోతాయి. రెసిన్‌ను సిలికాన్ రబ్బరు అచ్చులో పోస్తారు. అచ్చు వంగుతుంది కాబట్టి చక్రం గాడులతో సహా ఒకే ముక్కగా ఊడి వస్తుంది. మస్టాంగ్‌కే డైమండ్ ట్రెడ్ వేరు, బ్లాక్ ట్రెడ్ వేరు సెట్లు దొరుకుతాయి. విమానం బరువుకు టైరు అడుగు చదునై, పక్కలు కాస్త ఉబ్బినట్టు చేసినవీ ఉన్నాయి. కొందరు ఈ ఉబ్బు మరీ ఎక్కువ చేస్తారు, గాలి పోయిన టైరులా కనిపిస్తుంది. అవి నేను కొనను.

చాలా సెట్లలో దిమ్మ అతికి ఉండేది ఆ చదును దగ్గరే. కోత మచ్చ నేలకు ఆని దాగిపోతుందని అలా చేస్తారు. తెలివైన ఏర్పాటే. కానీ అక్కడ రంపం పెట్టామంటే విమానం నిలబడే తీరు మన చేతికొచ్చినట్టే. ఒక చక్రం ఎక్కువ అరిగితే ఒక రెక్క కిందికి వాలుతుంది.

మస్టాంగ్‌తో పెద్ద చిక్కు లేదు, కాళ్లు ఇంచుమించు నిటారుగా దిగుతాయి. మెస్సర్‌ష్మిట్ 109 చూడండి. కాళ్లు కిందికి వచ్చేకొద్దీ బయటికి విచ్చుకుంటాయి, చక్రమూ ఆ వాలులోనే ఉంటుంది. కోత ముఖాన్ని చక్రానికి అడ్డంగా, నిక్కచ్చిగా తొంభై డిగ్రీలకు అరగదీస్తే విమానం టైరు అంచు మీద నిలబడుతుంది. ముఖం సమంగా ఉండాల్సింది నేలకు. అందుకే కోసే ముందే కుడి ఏదో ఎడమ ఏదో చూసుకుని, చక్రం మీద పెన్సిల్‌తో రాసుకోండి. కోశాక గుర్తుపట్టడం కష్టం.

ఇక కోత. కటింగ్ ప్లయర్‌తో తుంచకండి. రెసిన్ పెళుసు, టైరు అంచు పెచ్చులా లేచిపోతుంది. సన్నటి రేజర్ రంపం తీసుకుని, టైరుకు ఆనించకుండా ఒక మిల్లీమీటరు దూరంలో పెట్టండి. ఒకే వైపు నుంచి చివరిదాకా లాగొద్దు. చుట్టూ తిప్పుతూ అన్ని వైపుల నుంచీ గాడి పెట్టి మధ్యలో కలపండి. మిగిలిన మిల్లీమీటరును అద్దం మీద పరిచిన వాటర్ పేపర్ మీద తడిగా రుద్దండి. ముందు 320 నంబరు, తర్వాత 600. ముఖం మీద పెన్సిల్ గీతలు గీసుకుంటే ఎటువైపు ఎక్కువ అరుగుతోందో తెలిసిపోతుంది.

తడిగా అన్నది గుర్తుంచుకోండి. పాలియురేతేన్ పొడి ఊపిరితిత్తులకు చేటు. ఫ్యాన్ కింద పొడిగా రుద్దితే ఇల్లంతా పరుచుకుంటుంది. మాస్కు పెట్టుకోండి, పొడిని తడి గుడ్డతో తుడవండి.

చిన్న చిన్న గాలి బుడగలుంటే సూపర్ గ్లూ చుక్కతో నింపవచ్చు. రంగు వేసే ముందు గోరువెచ్చని సబ్బు నీటిలో పాత టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చుకు పూసిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. మరిగే నీళ్లు మాత్రం వద్దు, రెసిన్ మెత్తబడుతుంది.

ఇరుసు రంధ్రం చాలకపోతే చక్రాన్ని బలవంతంగా తొయ్యకండి, చేతి డ్రిల్లుతో కొద్దికొద్దిగా పెద్దది చేయండి. ప్లాస్టిక్ సిమెంటు రెసిన్‌ను కరిగించదు, కాబట్టి అతకదు. నా ఓటు ఎపాక్సీకి. అది గట్టిపడేలోపు చక్రాన్ని తిప్పి సరిచేసుకునే వ్యవధి ఉంటుంది, సూపర్ గ్లూ ఆ అవకాశమివ్వదు. ఆ వ్యవధిలోనే విమానాన్ని అద్దం మీద నిలబెట్టి, ఒక్కో చక్రం కింద పలుచటి కాగితం ముక్క దూర్చి చూడండి. టైరు అంచు కింద ఎక్కడైనా సులువుగా దూరిందంటే చదును నేలకు సరిగా ఆనలేదన్నమాట, చక్రాన్ని కొంచెం తిప్పాలి.

109 చక్రాలు తెచ్చినవాళ్లు ముందుకు రండి. నీళ్ల పళ్లెం, అద్దం ఇక్కడున్నాయి.