మూడవ తీగె
(కేతేపల్లిలో గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



పంచాయతీ భవనమునకు వైరింగు ముగిసినదని చెప్పగానే మనము చేయు పరీక్ష యొకటే: స్విచ్చి వేసి చూచుట. దీపము వెలిగినచో బిల్లుపై సంతకము చేయుదుము. ఆ పరీక్ష చాలదని మనవిచేయుటకే మీ యెదుటికి వచ్చితిని.

స్తంభమునుండి వచ్చు సర్వీసు వైరులో రెండు తీగెలు గలవు. కరెంటును తెచ్చునది ఫేజు. తిరిగి తీసికొనిపోవునది న్యూట్రల్. ఈ రెంటి నడుమ 230 వోల్టు లుండును. మీటరు దాటిన పిమ్మట ప్రతి తీగెకును భవన యజమానియే బాధ్యుడు. పంచాయతీ భవనమునకు యజమాని యెవరో నేను చెప్పనక్కరలేదు.

మీటరు తరువాత మెయిన్ స్విచ్చి, అటుపై ఫ్యూజులు, లేక నేటి ఎం.సి.బి.లు. ఫ్యూజు తీగె సన్నగా నుండుట లోపము కాదు. మితిమీరి కరెంటు పారినపుడు అది ముందుగా కరగి, గోడలోని తీగెలను కాపాడును. మాటిమాటికి పోవుచున్నదని నాలుగు రాగి పోగులు మెలిపెట్టి బిగించువారు కాపలావానిని పంపివేసి నిద్రించువారే. స్విచ్చి ఫేజు తీగెపైననే ఉండవలెను. న్యూట్రల్‌పై నున్నను దీపము ఆరును గాని, హోల్డరులో కరెంటు నిలిచియే యుండును.

ఇక మూడవది ఆకుపచ్చ తీగె, పేరు ఎర్తు. ఇది లేకున్నను దీపము వెలుగును, పంకా తిరుగును, మోటారు నీరు తోడును. కనుకనే ఖర్చు తగ్గింపదలచినవాడు మొట్టమొదట దీనినే మానును. మోటారులోపల తీగె తొడుగు చెడి ఫేజు ఇనుప ఒంటికి తగిలె ననుకొనుడు. ఎర్తు మంచిదైనచో ఆ కరెంటు నేలకు పోవును. తగినంత పారినచో ఫ్యూజు ఎగురును. ఎర్తు లేనిచో, తాకిన మనిషియే ఆ మూడవ తీగె యగును. మూడు పిన్నుల ప్లగ్గులో పైపిన్ను పొడవుగా నుండుట ఎర్తు ముందుగా తగులుటకే. దానిని విరిచి వాడువారిని చూచుచునే యున్నాము!

ఎం.సి.బి. ఉన్నది గదా యని కొందరందురు. మనిషి ప్రాణము తీయుటకు ఆంపియరులో పదవవంతు చాలును. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానిని గమనింపనైన గమనింపదు. నేలకు కారిపోవు కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు కాగానే తెంచివేయు ఆర్.సి.సి.బి. వేరు సాధనము. దానిని గూడ అంచనాలో చేర్పించుడు.

మన ప్రాంతమున ఎర్ర చెలకలు, రాతి నేలలు హెచ్చు. ఎండిన నేల కరెంటును సులభముగా గ్రహింపదు. అందుచే గొయ్యి లోతుగా త్రవ్వించి, గొట్టము చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించి, వేసవిలో నీరు పోయుచుండవలెను. ఈ పని ఎవరిదో తీర్మానములో వ్రాసికొనుడు. లేనిచో ఎవరిదియు గాదు.

బట్టలారవేయు దండెమునకు ఇనుప తీగె వలదు. సర్వీసు వైరు ఒరసికొన్న తావున అది ఫేజు తీగె యగును. నైలాను త్రాడు చాలును.

ఇకపై బిల్లు వచ్చినపుడు లైసెన్సుగల కాంట్రాక్టరు సంతకము చేసిన పరీక్షాపత్రము నడుగుడు. అందులో ఎర్తు నిరోధము ఎన్ని ఓములో ఉండవలెను. ఎర్తు గొయ్యి ఎక్కడ నున్నదో చూపుమనుడు. పాత భవనములలో మొదట పాఠశాలను, అంగన్వాడీని చూడుడు. తడిచేతుల పిల్లలు అక్కడనే యున్నారు.