విమానములో పసిబిడ్డలు



రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికావసరములకై ఏర్పడిన గన్నవరము విమానాశ్రయమునకు 2017లో అంతర్జాతీయ ప్రతిపత్తి కలిగెను. నేడు అచట చంకలో నొక బిడ్డతో, వ్రేలు పట్టుకొని నడచు మఱియొక బిడ్డతో ఒంటరిగా విమానమెక్కు తల్లులు పెక్కుమంది కలరు. హైదరాబాదునకు నేనును అట్లే పోయితిని. బిడ్డ యేడ్చినపుడు తోటివారి చూపులు తల్లి నెంత నొప్పించునో యెఱుగుదును.

ఆ యేడుపునకు తఱచుగా చెవిపోటే కారణము. పైన నెగురునపుడు విమానములోని గాలి యొత్తిడి 6 వేలు మొదలు 8 వేల అడుగుల కొండపై నున్నంతకు తగ్గును. దిగునపుడది మరల పెరిగి కర్ణభేరిని లోనికి నొక్కును. గొంతునుండి చెవికి పోవు సన్నని నాళము తెఱచుకొన్నచో బాధ తీరును. గుటక వేసినపుడు అది తెఱచుకొనును. ఈ యుపాయము పసివానికి తెలియదు.

కావున ఎక్కగానే పాలన్నియు పట్టివేయక, దిగువేళకు కొంత నిలుపవలెను. నిద్రించు బిడ్డనైనను అప్పుడు లేపి పాలిచ్చుట మేలు. పెద్దబిడ్డచే మంచినీరు కొంచెము కొంచెముగా త్రాగింపుడు. వేరుసెనగపప్పు వంటివి గొంతున కడ్డుపడును గాన ఇయ్యరాదు. జలుబు చేసినచో ఆ నాళము సరిగా తెఱచుకొనదు. వైద్యుని అడిగియే బయలుదేరవలెను.

రెండేండ్లు నిండని బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనవచ్చును. తల్లి బెల్టునే యిద్దఱకును చుట్టరాదు. బిడ్డ బెల్టును అడిగి తీసికొనుడు.

తోటి ప్రయాణికులకును ఒక మనవి. అట్టి తల్లి కనబడినపుడు ఆమె సంచి నందుకొని పైన పెట్టుడు. పెద్దబిడ్డను కాసేపు మాటలలో పెట్టుడు. ఆమెకు రెండు చేతులే కదా!